డిప్రెషన్, యాంగ్జైటీ నుంచి కోలుకుంటున్నప్పుడు మసాజ్: ఇంటి తలంటా, శిరోధారా, స్పానా, ఫిజియోనా, ఎవరికి ఏది?

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మందులు మొదలుపెట్టి ఐదు నెలలైంది, ఏడుపు తగ్గింది, ఆఫీసుకి కూడా వెళ్తున్నా, కానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది, భుజాలు రాళ్లలా ఉంటున్నాయి, ఇక్కడ ఒక సెంటర్‌లో శిరోధార ఏడు రోజుల ప్యాకేజీ 21 వేలు చెప్పారు, తీస్కోమంటావా" అని. శిరోధార అంటే నుదుటి మీద సన్నటి ధారగా నూనె పోయడం. వద్దనలేదు, తీస్కో అని కూడా అనలేదు. ముందు నీకు దేనికోసం కావాలో తేల్చుకుందాం అన్నా, ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం. ఈ ప్రశ్న నన్ను అడిగింది అదొక్కతే కాదు కాబట్టి ఆ మాటలన్నీ ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నా.

నా సంగతి ముందు చెప్పాలి. 2021 చివర్లో నాకు పానిక్ అటాక్స్ మొదలయ్యాయి, తర్వాత డిప్రెషన్ కూడా ఉందని తేలింది, రెండేళ్లకి పైగా మందులు, కౌన్సెలింగ్ రెండూ నడిచాయి. నన్ను నిలబెట్టింది ఆ రెండే, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. మసాజ్ వాటి పక్కన నిలబడి సాయం చేసింది అంతే, కానీ ఆ సాయం చిన్నది కాదు, ఎందుకంటే నెలల తరబడి నా ఒళ్లు నాకే పరాయిదైపోయినట్టు ఉండేది, ఆకలి తెలిసేది కాదు, పళ్లు కొరుక్కుంటూ నిద్రపోయేదాన్ని, పొద్దున లేస్తే దవడ నొప్పి, ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడేదాన్ని. ఆ ఒంటిని మళ్లీ నాది చేసుకోవడంలో మసాజ్ పనికొచ్చింది. అలాగే ఒకచోట చాలా ఇబ్బంది కూడా పడ్డా, అది కూడా చెప్తా.

మందులు మానేసి మసాజ్‌తో తగ్గించుకుందాం అనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఆ ఆలోచన పక్కన పెట్టేయండి. డాక్టర్ని అడక్కుండా మందు ఆపితే జబ్బు తిరగబెట్టడం ఒకటి, కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, వికారం, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం ఇంకొకటి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయంటే అది మసాజ్ గురించి చదివే టైమ్ కాదు, 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

అసలు పనిచేస్తుందా

పనిచేస్తుంది, కానీ సెంటర్లవాళ్లు చెప్పే కారణాలకి కాదు. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఒక స్టడీ రాశారు, ఎప్పుడూ ఏదో ఒక దిగులు వదలని జనరలైజ్డ్ యాంగ్జైటీ ఉండి ఏ ట్రీట్‌మెంటూ తీసుకోని 47 మందిని తీసుకుని, కొంతమందికి వారానికి రెండుసార్లు 45 నిమిషాలు స్వీడిష్ మసాజ్ (నూనెతో ఒళ్లంతా ఓ మాదిరి ఒత్తిడితో చేసే మర్దన), మిగతావాళ్లకి ఊరికే చేతులు ఆనించి ఉంచడం, ఇలా ఆరు వారాలు చేశారు. మసాజ్ వాళ్లకే యాంగ్జైటీ ఎక్కువ తగ్గింది. ఇక్కడితో ఆపేస్తే మసాజ్ సెంటర్ బోర్డు మీద రాసుకోవచ్చు, కానీ దానికి ముందే 2010లో సియాటిల్‌లో ఇంకొకటి జరిగింది, అందులో 68 మందిని మూడు గుంపులు చేశారు, ఒకళ్లకి మసాజ్, ఒకళ్లకి కాళ్లకీ చేతులకీ వేడి కాపడం, మూడోవాళ్లకి ఏమీ లేదు, అదే గదిలో లైట్లు తగ్గించి మ్యూజిక్ పెట్టి పడుకోబెట్టడమే. మూడు నెలలకి చూస్తే మూడు గుంపులకీ యాంగ్జైటీ దాదాపు 40 శాతం తగ్గింది, పెద్ద తేడా లేదు!

నేనైతే ఈ రెండో స్టడీ చదివాక చాలాసేపు ఆలోచించా. మనం డబ్బులు పోస్తున్నది నూనెకేనా, లేక ఎవరూ పిలవని, ఫోన్ మోగని, ఏమీ చెయ్యక్కర్లేని ఆ ఒక్క గంటకా? మన ఇళ్లల్లో ఆడవాళ్లకి ముఖ్యంగా, ఆ గంట ఇంట్లో దొరకదు, దొరికినా పడుకుంటే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. కాబట్టి ఏ సెంటరైనా "మా నూనెలో ఫలానా మూలిక ఉంది, నరాల్లోకి ఇంకుతుంది" అంటే ఆ మాటకి రెండు వేలు ఎక్కువ ఇవ్వకండి. "స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ సగం తగ్గుతుంది" అనేది కూడా అలాంటిదే, 2011లో పాత స్టడీలన్నీ కలిపి లెక్కేసి చూస్తే ఆ తగ్గేది చాలా కొంచెం అని తేలింది.

మరి చేతి స్పర్శలో ఏమీ లేదా అంటే ఉంది. మన చర్మంలో, వెంట్రుకలుండే చోట, నెమ్మదిగా నిమిరితేనే బాగా స్పందించే నరాలు వేరుగా ఉన్నాయి, సెకనుకి ఒకటి నుంచి పది సెంటీమీటర్ల స్పీడులో నిమిరితే అవి బాగా పనిచేస్తాయి, గబగబా రుద్దితే పట్టించుకోవు. అమ్మ జ్వరంలో ఉన్న పిల్లాడి చెయ్యి నిమిరే స్పీడు అదే. ఇంకోపక్క కండరం బిగుసుకుపోయి ఉంటే దానికి మాత్రం ఓ మాదిరి గట్టి ఒత్తిడి కావాలి, పైపైన రాస్తే కుదరదు. అంటే నిద్ర కోసం అయితే ఒకటి, మెడ పట్టేయడానికి అయితే ఇంకొకటి. ఎంపిక అక్కడ మొదలవ్వాలి, ప్యాకేజీ పేరు దగ్గర కాదు.

ఇంట్లో తలంటు

దీన్ని ముందు పెట్టడానికి కారణం నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే కావడం. మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు, చిన్నప్పుడు ఆదివారం వస్తే నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, మాడు మీద పోసి అరచేత్తో తట్టి, తర్వాత ఒంటికి రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి కుంకుడుకాయ రసంతో తలంటేది. నేను జబ్బు పడ్డాక అమ్మ హైదరాబాద్ వచ్చి మూడు నెలలుంది, ఆ జబ్బేంటో ఆమెకి పూర్తిగా అర్థం కాలేదు, "ఏం తక్కువైందే నీకు" అని ఒకటి రెండుసార్లు అంది కూడా, నాకు బాధేసింది. కానీ ఆదివారం మాత్రం చాప వేసి కూర్చోబెట్టి తలకి నూనె పెట్టేది, ఆ అరగంట ఏమీ అడిగేది కాదు. మాటల్లో చేతకానిది ఆమె చేతుల్లో వచ్చింది. ఒకసారి అలా కూర్చునే ఏడ్చేశా, ఎందుకో తెలీదు, ఆమె ఆపలేదు, అడగలేదు, నూనె పెడుతూనే ఉంది.

ఖర్చు చూస్తే నూనె, కుంకుడుకాయలు కలిపి వారానికి వంద రూపాయలు కూడా అవ్వదు. ఇంకో మంచి విషయం ఏంటంటే నెలల తరబడి చేస్కోవచ్చు, ఇలాంటి వాటిలో ఒక్కరోజు మూడు వేలు పెట్టి చేయించుకున్నదానికంటే వారం వారం జరిగేదే ఒంటికి గుర్తుంటుంది. ఒంటరిగా ఉండేవాళ్లు ఎవరికి వాళ్లే చేస్కోవచ్చు, అరికాళ్లు, పిక్కలు, చేతులు, మెడ వెనక, చెవుల చుట్టూ, పదిహేను నిమిషాలు చాలు, పడుకునే ముందైతే ఇంకా మంచిది. బాత్రూమ్‌లో నూనె కాళ్లతో జారతారు, రబ్బరు మ్యాట్ వేస్కోండి, మందుల వల్ల మగతగా ఉండే టైమ్‌లో ఇంకా జాగ్రత్త.

ఒక్కటే చూస్కోవాలి. చేసే మనిషి దగ్గర మనసు కుదుటగా ఉందా లేదా. మనకి దెబ్బ తగిలిందే ఇంట్లోవాళ్ల వల్ల అయితే, లేదా నూనె రాస్తూ "ఇంకా ఎన్నాళ్లు ఆ మందులు మింగుతావ్" అని మొదలుపెట్టేవాళ్లయితే, తలంటు మంచిదే అయినా ఆ చేతులు వద్దు. డబ్బులిచ్చి తెలీని మనిషితో చేయించుకోవడమే హాయి అప్పుడు.

సెలూన్ హెడ్ మసాజ్ గురించి రెండే ముక్కలు. మగవాళ్లకి ఇది అలవాటే, కటింగ్ తర్వాత వందో రెండొందలో ఇస్తే పది నిమిషాలు చేస్తారు, మనసుకి హాయే. చివర్లో మెడ పట్టుకుని టక్కుమని తిప్పుతారు చూడండి, అది మాత్రం చేయించుకోవద్దు, ముందే చెప్పండి "అన్నా, మెడ విరవొద్దు" అని. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు మెడలోంచే వెళ్తాయి, ఆ కుదుపుకి వాటి లోపలి పొర చిరిగితే పక్షవాతం రావొచ్చు, వయసు తక్కువ ఉన్నవాళ్లకి కూడా.

ఆయుర్వేదం: అభ్యంగం, శిరోధార

రెండూ వేరు, చాలామంది కలిపేస్తారు. అభ్యంగం అంటే ఒళ్లంతా గోరువెచ్చని నూనెతో మర్దన, ద్రోణి అనే చెక్క బల్ల మీద, చాలాచోట్ల ఇద్దరు కలిసి రెండువైపులా ఒకే లయలో చేస్తారు, తర్వాత ఆవిరి పెడతారు. శిరోధారలో మర్దన తక్కువ, నుదుటి మీద సన్నటి ధారగా నూనె అరగంట నుంచి ముప్పావుగంట దాకా పడుతూనే ఉంటుంది, కొన్నిటికి మజ్జిగతో చేసే తక్రధార కూడా ఉంది. కళ్ల మీద దూది పెడతారు, తల కదపకూడదు.

నిద్ర పట్టనివాళ్లకి, ఆలోచనలు గిర్రున తిరుగుతూనే ఉండేవాళ్లకి శిరోధార బాగా నచ్చుతుంది, నాకూ రెండోసారి నుంచి నచ్చింది. మొదటిసారి మాత్రం కళ్లు కప్పేసి, తల కదపొద్దు అనేసరికి నాకు గుండె దడ మొదలైంది, లేచి కూర్చుండిపోయా. అక్కడి వైద్యురాలు చాలా మంచావిడ, ఏమీ అనలేదు, మర్నాడు దూది లేకుండా, పది నిమిషాలే, మధ్యలో చెయ్యి ఎత్తితే ఆపేసేలా చేశారు, అప్పుడు కుదిరింది. కాబట్టి పానిక్ ఉన్నవాళ్లు ప్యాకేజీ మొత్తానికి ముందే డబ్బు కట్టకండి, ఒక్కరోజు చూసి అప్పుడు తేల్చుకోండి. హైదరాబాద్‌లో నేను కనుక్కున్న చోట్ల అభ్యంగం 1500 నుంచి 2500, శిరోధార రెండు వేల నుంచి మూడున్నర వేల దాకా చెప్పారు, ఊళ్లల్లో తక్కువే ఉంటుంది. డబ్బు ఇబ్బంది అయితే ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రుల్లో ఇలాంటి నూనె చికిత్సలు చేసే పంచకర్మ విభాగం ఉందేమో కనుక్కోండి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డలో ఉంది ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి, విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరు మీద ఉన్న కాలేజీ ఉంది. సెంట్లు, సంగీతాలు ఉండవు గానీ చూసేది డాక్టరు.

ఎర్రగడ్డ పేరు ఎత్తితే మనవాళ్లు ఇంకో అర్థంలో నవ్వుతారు, అక్కడ మానసిక ఆసుపత్రి ఉంది కాబట్టి. ఆ నవ్వు వల్లే ఎంతమంది డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా మసాజ్ దగ్గరా తాయెత్తుల దగ్గరా ఆగిపోతున్నారో తల్చుకుంటే నాకు కోపం వస్తుంది. పెద్ద మానసిక ఆసుపత్రి అయిన బెంగళూరు నిమ్‌హాన్స్‌లో సైకియాట్రీతో పాటు యోగా, ఆయుర్వేదం కలిపి చూసే ఇంటిగ్రేటివ్ మెడిసిన్ విభాగమే ఉంది, అంటే ఇది కావాలంటే అది మానెయ్యాలన్న రూల్ ఎక్కడా లేదు.

నూనె వరకూ సరే గానీ కడుపులోకి ఇచ్చే మందులు, లేహ్యాలు, భస్మాలు ఉంటాయి, అవి మాత్రం మీ సైకియాట్రిస్ట్‌కి చూపించకుండా మొదలుపెట్టొద్దు. అశ్వగంధ లాంటిది కూడా థైరాయిడ్ మందులతో, మత్తు కలిగించే మందులతో కలిస్తే తేడా చేయొచ్చు. సహజమే కదా అనుకోవద్దు.

నేచర్ క్యూర్ సెంటర్లు కూడా ఇదే దారిలోవే, మసాజ్‌తో పాటు తిండి, మట్టి పట్టీలు, యోగా అన్నీ కలిపి అక్కడే కొన్ని రోజులు ఉంచుతారు. రోజుకో టైమ్‌టేబుల్ లేక కొట్టుకుపోతున్నవాళ్లకి ఆ పద్ధతి మంచిది. కానీ ఉపవాసాలు పెట్టిస్తారు చూశారా, సైకియాట్రీ మందులు వేస్కునేవాళ్లు, ఇదివరకు తిండి మానేసే సమస్య ఉన్నవాళ్లు అది వద్దని ముందే చెప్పేయాలి. బీఎన్‌వైఎస్ చదివిన డాక్టర్ ఉన్నారా అని అడగండి, అది ప్రకృతి వైద్యం, యోగాలో ఐదున్నరేళ్ల డిగ్రీ.

స్పా

నా చేదు అనుభవం ఇక్కడిదే. పేరు చెప్పను, మంచి ఏరియాలో మంచి స్పా, ఆఫర్‌లో 60 నిమిషాల డీప్ టిష్యూ, అంటే లోపలి కండరాల దాకా గట్టిగా నొక్కే మసాజ్, బుక్ చేస్కున్నా. ముందు ఏమీ అడగలేదు, జబ్బులున్నాయా, మందులు వాడుతున్నారా, ఎక్కడ ముట్టుకోవద్దు, ఏదీ లేదు. బోర్లా పడుకున్నా, నొప్పి వస్తుంది, కొంచెం మెల్లగా అన్నా, "అలాగే ఉంటుంది మేడమ్, తర్వాత రిలీఫ్" అని ఇంకా గట్టిగా నొక్కింది ఆ అమ్మాయి. రెండోసారి చెప్పడానికి నాకు గొంతు రాలేదు. బాగున్నవాళ్లకి అది చిన్న విషయం, జబ్బులో ఉన్నప్పుడు మాట పెగలకపోవడమే జబ్బు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర లేదు, తర్వాత నాలుగు నెలలు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత మా కౌన్సెలర్‌తో ఇదంతా చెప్తే ఆవిడ ఒక్క మాటే అడిగారు, ఆపమంటే ఆగే చేతులు నీకు ఎక్కడున్నాయి అని.

ఇప్పుడు ఎవరు అడిగినా నేను చూడమని చెప్పేది అదే. ఫోన్‌లో బుక్ చేసేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి, "మధ్యలో ఆపమంటే ఆపుతారా, కొంత డబ్బు తిరిగిస్తారా", "బట్టలు ఎంతవరకు తీయాలి అనేది నా ఇష్టమేనా". నసిగితే వద్దు. ఆడవాళ్లకి ఆడ థెరపిస్ట్ అని ఖాయం చేస్కోండి. మన దేశంలో మసాజ్ చేసేవాళ్లందరికీ డాక్టర్లకి ఉన్నట్టు తప్పనిసరి లైసెన్స్ లేదు, బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కొంతమంది ఉంటారు, అది లేకపోయినా మంచివాళ్లు ఉంటారు, ఉన్నా మాట విననివాళ్లూ ఉంటారు.

స్పాకి వెళ్లాలనే ఉంటే డీప్ టిష్యూ వద్దు, స్వీడిష్ తీస్కోండి, ఒత్తిడి మీడియం అని చెప్పండి, మొదటిసారి 30 నిమిషాలే. 60 నిమిషాలకి 1500 నుంచి 3500 దాకా ఉంటుంది హైదరాబాద్‌లో. బట్టలు తీయడం ఇష్టం లేనివాళ్లకి థాయ్ మసాజ్ ఉంది, వదులు బట్టలతోనే చేస్తారు, నూనె ఉండదు, సాగదీయడం, నొక్కడం ఎక్కువ. లేదంటే ఫుట్ మసాజ్, కుర్చీలో కూర్చుని, కళ్లు తెరుచుకుని, తలుపు కనిపిస్తూ ఉంటుంది, లేచి వెళ్లిపోవాలంటే చెప్పులేస్కుంటే చాలు. గతంలో ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేసి బాధపెట్టిన అనుభవం ఉన్నవాళ్లు మొదలుపెడితే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం, అది కూడా కౌన్సెలర్‌కి చెప్పి.

ఫిజియో

దీన్ని మసాజ్ లిస్టులో ఎవరూ కలపరు, కానీ మా పిన్ని కూతురికి నేను మొదట చెప్పింది ఇదే. దిగులు, భయం నెలలకొద్దీ ఉంటే మనకి తెలీకుండానే భుజాలు చెవులదాకా ఎత్తుకుని ఉంటాం, దవడ బిగించి ఉంటాం, దాంతో తలనొప్పి, ఆ నొప్పితో నిద్ర చెడి, నిద్ర చెడి మళ్లీ దిగులు. ఇక్కడ నూనె వాసనలు పనికిరావు, ఏ కండరం ఎందుకు పట్టేసిందో తెలిసిన మనిషి కావాలి. బీపీటీ చదివిన ఫిజియోథెరపిస్ట్ ఇంటికొచ్చి చేస్తే ఐదొందల నుంచి వెయ్యి తీసుకుంటున్నారు, చేత్తో వదులు చేయడంతో పాటు రోజూ మనం చేసే ఎక్సర్‌సైజులు ఇస్తారు, నాలుగైదు సిట్టింగుల తర్వాత వాళ్లతో పని ఉండకపోవచ్చు. ఇందులో హాయి తక్కువ, మాటిమాటికీ ఎత్తు, దించు, తిప్పు అంటారు, నిద్రపోయే గంట కాదిది. కానీ మాట్లాడే మనిషి, ముందు అడిగి ముట్టుకునే మనిషి దొరుకుతారు, నాకు మళ్లీ నమ్మకం కుదిరింది ఇక్కడే. మసాజ్ కుర్చీలు లక్షన్నర, రెండు లక్షలు పెట్టి కొనేవాళ్లున్నారు, మనిషి చెయ్యి అస్సలు ఇష్టం లేనివాళ్లకైతే సరే, మిగతావాళ్లు ఆ డబ్బుతో రెండేళ్లు కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చు.

మీ జబ్బు, మీ మందు చూస్కుని

బైపోలార్ (మనసు కొన్నాళ్లు విపరీతంగా ఎగిరిపడి, కొన్నాళ్లు బాగా కుంగిపోయే జబ్బు) ఉండి లిథియం అనే మందు వేస్కునేవాళ్లు ఆవిరి గది, స్టీమ్, సోనా వైపు వెళ్లేముందు డాక్టర్ని తప్పకుండా అడగాలి. బాగా చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది, చేతులు వణకడం, వాంతులు, తూలడం వరకూ వెళ్తుంది. నా స్నేహితురాలి సైకియాట్రిస్ట్ ఆమెకి చీటీ మీదే రాసిచ్చారు, మర్దన ఓకే, ఆవిరి వద్దు అని. సైకోసిస్‌కి (లేనివి ఉన్నట్టు కనిపించడం, వినిపించడం, నమ్మడం) వాడే మందుల్లో కొన్ని ఒంటి వేడిని కంట్రోల్ చేస్కునే శక్తి తగ్గిస్తాయి, వాళ్లకీ అంతే. పానిక్ ఉన్నవాళ్లకి ఆవిరి గదిలో గుండె వేగం పెరగడం, ఊపిరి బరువుగా ఉండటం అచ్చం అటాక్ లాగే అనిపించి నిజంగానే అటాక్ వచ్చేయొచ్చు.

క్వెటియాపిన్, క్లోజాపిన్, ప్రాజోసిన్ లాంటివి వాడేవాళ్లకి పడుకుని లేస్తే బీపీ పడిపోవచ్చు, గంట పడుకుని లేచినప్పుడు ఇంకా ఎక్కువ, కాబట్టి బల్ల మీద నుంచి వెంటనే దిగొద్దు, రెండు నిమిషాలు కూర్చుని, ఎవరినైనా పట్టుకుని దిగండి, వెంటనే బండి నడపొద్దు. చాలా వారాలు మంచానికే అతుక్కుపోయి ఉన్నవాళ్లకి ఒక కాలు పిక్క మాత్రం వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అస్సలు నొక్కించొద్దు, అది రక్తం గడ్డ అయి ఉండొచ్చు, కదిలి ఊపిరితిత్తులకి వెళ్తే ప్రాణానికే ప్రమాదం, ఆసుపత్రికి వెళ్లండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి గట్టి మసాజ్ వద్దు.

ఎవరో తనని వెంటాడుతున్నారని, ఒంట్లో ఏదో పెట్టారని నమ్ముతున్న స్థితిలో ఉన్న మనిషిని, లేదా మేనియాలో నిద్ర లేకుండా ఉరకలేస్తున్న మనిషిని బలవంతంగా పడుకోబెట్టి నూనె రాస్తే చల్లబడతాడు అనుకోవడం మన ఊళ్లల్లో ఉంది. చేయొద్దు. ఆ టైమ్‌లో ముట్టుకోవడమే దాడిలా అనిపిస్తుంది. మందులతో కుదుటపడ్డాక, తనే అడిగితే అప్పుడు.

బాలింతల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనుంది. మన దగ్గర బాలింతకి నూనె రాసి వేణ్నీళ్లు పోసే ఆవిడ వస్తుంది, పసిబిడ్డకీ ఆవిడే పోస్తుంది, చాలా మంచి అలవాటు. కానీ ప్రసవం తర్వాత డిప్రెషన్ వచ్చిన తల్లికి "నువ్వు పడుకో, బిడ్డ సంగతి మేం చూస్తాం" అని బిడ్డని పూర్తిగా దూరం చేస్తే "నేను పనికిరాని తల్లిని" అన్న ఆలోచన ఇంకా ముదురుతుంది. లండన్‌లో 2001లో ఒక స్టడీలో ఇలాంటి తల్లులకే బిడ్డకి మసాజ్ చేయడం నేర్పిస్తే తల్లీబిడ్డల మధ్య దగ్గరితనం పెరిగిందని రాశారు. కాబట్టి స్నానం పోసే ఆవిడని పెట్టుకోండి, కానీ బిడ్డ కాళ్లకి నూనె రాసే పని తల్లికి ఇవ్వండి, పక్కన కూర్చోండి. సిజేరియన్ అయితే పొట్ట మీద నొక్కించొద్దు. రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక్క మాట. అక్కడ చాలా రాష్ట్రాల్లో మసాజ్ థెరపిస్ట్‌కి లైసెన్స్ తప్పనిసరి, రాష్ట్రం వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్కోవచ్చు, వెళ్లగానే హెల్త్ ఫామ్ ఇస్తారు, అందులో మందులు దాచకుండా రాయండి. డాక్టర్ అవసరమని లెటర్ ఇస్తే హెచ్‌ఎస్‌ఏ (ఆరోగ్య ఖర్చుల కోసం దాచుకునే ఖాతా) డబ్బుతో కట్టే వీలు ఉంటుంది, మీ ప్లాన్ వాళ్లని అడగండి.

డబ్బు లెక్క మాత్రం ఇలా చూడండి. నెలకి మానసిక ఆరోగ్యం కోసం ఐదు వేలే పెట్టగలిగితే, ముందు డాక్టర్ ఫీజు, మందులు, కౌన్సెలింగ్, వీటికి పోగా మిగిలిందే మసాజ్‌కి. మిగల్లేదంటే ఇంటి నూనె ఉంది. మసాజ్ ప్యాకేజీ కోసం కౌన్సెలింగ్ సిట్టింగ్ మానేసినవాళ్లని నేను చూశా, అలా చేయకండి. ఏది ఎంచుకున్నా మూడు నాలుగు సార్లు అయ్యాక ఒక చీటీ మీద రాస్కోండి, ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాను, మర్నాడు భుజాలు ఎలా ఉన్నాయి, మళ్లీ వెళ్లాలనిపిస్తుందా లేక వెళ్లాలంటే కడుపులో తిప్పుతుందా. తిప్పుతుంటే అది మీకు పడలేదు, మిగిలిన డబ్బు పోతే పోనీ.

మా పిన్ని కూతురు 21 వేల ప్యాకేజీ తీస్కోలేదు. రెండింటికి మెలకువ వచ్చే సంగతి డాక్టర్‌కి చెప్తే ఒక మందు పొద్దుటికి మార్చారంట. ఫిజియో నాలుగు సిట్టింగులు అయ్యాయి, మెడ ఇప్పుడు రెండువైపులా తిరుగుతుంది. శిరోధార ఒక్కరోజు చేయించుకుని చూస్తా అంటుంది, సరే అన్నా. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది, "తలకి నూనె పెడుతుంటేనే చాప మీద అలాగే ఒరిగి నిద్రపోయిందే, పదకొండైంది, ఇంకా తలంటు పోయలేదు, లేపబుద్ధి కావట్లేదు, తర్వాత చెయ్యి" అని పెట్టేసింది.